కాలమ్ లేని ఇన్సులిన్

డాక్టర్ గౌరీపతికి షుగర్ వచ్చి పద్నాలుగేళ్ళయింది. ఆయన ఉద్యోగం ఆ షుగర్‌కే విరుగుడు కనిపెట్టడం. ఈ రెండూ ఒకే మనిషిలో కుదరడం వల్ల ఆయన్ని చూసి నవ్వనివాళ్ళు సంస్థలో లేరు. వాళ్ళకి శ్రమ లేకుండా ముందు ఆయనే నవ్వేసేవాడు. పొద్దున్నే మాత్ర వేసుకుంటూ, "పదవీ విరమణకి నేనింకా ఏళ్ళ తరబడి ఆగాలి, నా కడుపులో కణాలు మాత్రం ఎప్పుడో తీసేసుకున్నాయి," అని భార్యతో అనేవాడు. ఆవిడ ఈ మాట పద్నాలుగేళ్ళుగా వింటోంది కాబట్టి నవ్వడం మానేసింది.

విశాఖకి ఇవతల కొండ పక్కన ఉన్న ఆ పరిశోధనా సంస్థలో ఎలుకల క్లోమం నుంచి ఇన్సులిన్ చేసే కణాలని తీసి, గాజు డిష్షుల్లో పెంచుతారు. కొండని తవ్వి ఎలుకని పట్టాడంటే లోకానికి వెటకారం, గౌరీపతికి అదే జీతం. ఈ కణాలు మహా మొండివి. పెద్దయ్యాక పెరగమంటే పెరగవు. అయితే కడుపుతో ఉన్న తల్లి ఒంట్లో మాత్రం ప్రొలాక్టిన్ లాంటి హార్మోన్లు వచ్చి, "ఇద్దరికి సరిపడా కావాలమ్మా, లేవండి," అనగానే లేచి రెండింతలవుతాయి. కాన్పయ్యాక మళ్ళీ సర్దుకుంటాయి. ఆ కబురే డిష్షులోకి పంపాలని గౌరీపతి తాపత్రయం.

పదకొండేళ్ళు తంటాలు పడితే ఆయనకి తెలిసింది ఒక్కటే. పెరుగుతున్న కణం ఇన్సులిన్ చెయ్యదు, ఇన్సులిన్ చేస్తున్న కణం పెరగదు. అందుకని నాలుగు రోజులు హార్మోన్ ఇచ్చి, ఆపేసి, మూడు వారాలు వాటి మానాన వాటిని వదిలెయ్యాలి. అలా వదిలేస్తే ఏడో నంబరు డిష్షులో కణాలు కొద్దికొద్దిగా పెరిగాయి. చక్కెర నీళ్ళు తగిలిస్తే నిజంగా ఇన్సులిన్ చేశాయి. పరీక్ష గొట్టంలో ఇన్సులిన్ ఉందని చెప్పే లేత పసుపు రంగు తిరిగిన రోజున గౌరీపతి తన షుగర్ సంగతి మరిచిపోయి రెండు లడ్డూలు తిన్నాడు.

ఆ రంగుని ఆయనతోపాటు చూసింది నూకరత్నం. ఆమె ల్యాబ్ అసిస్టెంటు, అనకాపల్లి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చింది. ఆదివారమైనా, పండగైనా రెండు రోజులకోసారి వచ్చి కణాలకి మేత మార్చేది ఆమే. ఆమె కూతురికి మూడో ఏటే షుగర్ వచ్చింది. రోజుకి నాలుగు సూదులు. ఏటా ఒకసారి నూకరత్నం అడిగేది, "ఎప్పటికవుద్ది సార్ ఇది?" గౌరీపతి చెప్పేవాడు, "ఇంకో ఐదేళ్ళు నూకరత్నం." పదకొండేళ్ళుగా ఆ ఐదేళ్ళు ఐదేళ్ళుగానే ఉన్నాయి.

ఇలా ఉండగా సంస్థకి కొత్త డైరెక్టరు వచ్చాడు. పేరు శంభుప్రసాద్. అంతకుముందు చేపల శాఖలో పెద్ద పేరున్న అధికారి. చెరువులో పిల్లల్ని వదలడం, మూడు నెలలకి లెక్కపెట్టడం, పైకి రాయడం - ఈ మూడింట్లో ఆయన్ని మించినవాడు లేడు. వచ్చిన మొదటి వారమే శాస్త్రవేత్తలందర్నీ సమావేశపరిచాడు.

"మిత్రులారా, ఈ సంస్థ ప్రధాన ధ్యేయం కణాభివృద్ధి అని నా దృష్టికి తేబడింది. మరి గత పదకొండేళ్ళలో ఎంత శాతం అభివృద్ధి సాధించబడింది?"

గౌరీపతి మెల్లిగా, "అవి కొంచెం నిదానంగా పెరుగుతాయండి," అన్నాడు.

"పెరగని చేపని చెరువులో ఉంచుతామా డాక్టర్‌గారూ?"

"ఉంచం," అని అందరూ ఒప్పుకున్నారు. అక్కడికక్కడే 'త్రైమాసిక కణవృద్ధి పథకం' పుట్టింది. ప్రతి డిష్షూ మూడు నెలలకి రెట్టింపు కావాలి. నియమావళి, ఫారం తయారుచెయ్యడానికి ఉపసంఘం వేశారు. దానికి కన్వీనరు గౌరీపతి. "ఎందుకండీ నాకీ గొడవ," అన్నాడు గానీ, కన్వీనరు అన్న మాట వినగానే ఆయన వెన్ను దానంతటదే నిటారైంది. ఆ సంగతి ఆయనే తర్వాత ఒప్పుకున్నాడు.

ఫారం ఒక్క పేజీలో ఇమడాలని డైరెక్టరు ఆదేశం. డిష్షు నంబరు, పాత సంఖ్య, కొత్త సంఖ్య, వృద్ధి శాతం. ఆ తర్వాత 'ఖాళీ డిష్షులు' అన్న కాలమ్ పెట్టించాడు డైరెక్టరు, చేపల శాఖలో ఖాళీ చెరువులు కూడా రాసేవారు కాబట్టి. చివర గౌరీపతి 'ఇన్సులిన్' అని ఒక కాలమ్ గీశాడు. అప్పుడు 'కన్వీనర్ సంతకం, హోదా' అనేదానికి చోటు చాల్లేదు. అక్షరాలు చిన్నవి చేసి చూశాడు. చిన్న అక్షరాల్లో హోదా బాగా కనపడలేదు. కాసేపు పెన్ను కొరికి, ఇన్సులిన్ కాలమ్‌ని కొట్టేశాడు. పెరిగితే ఇన్సులిన్ రాదూ, దాని గురించి వేరే రాయడమెందుకని తనకి తానే నచ్చజెప్పుకున్నాడు. పదకొండేళ్ళుగా తను కనిపెట్టింది దానికి సరిగ్గా వ్యతిరేకమన్న సంగతి ఆ పది నిమిషాలు ఆయనకి గుర్తురాలేదు.

నియమావళిలో నాలుగో నిబంధన కూడా ఆయన చేతి చలవే. "వరుసగా రెండు త్రైమాసికములయందు నిర్ణీత వృద్ధి కనపరచని డిష్షులను సంస్థ విస్తృత ప్రయోజనముల దృష్ట్యా నిర్బంధ పదవీ విరమణ గావించవలెను." ఇది రాసేటప్పుడు ఆయన మనసులో ఉన్నవి వసారాకి అవతల ఏకామ్రనాథ్ అనే సాటి శాస్త్రవేత్త డిష్షులు. ఏకామ్రనాథ్ కణాలు ఏళ్ళ తరబడి కదలక మెదలక పడి ఉండేవి. వాటిని ఆటోక్లేవ్‌లో పెడుతుంటే చూడాలని గౌరీపతికి చాలా కాలంగా కోరిక. ఆటోక్లేవ్ అంటే పనికిరానివాటిని ఆవిరి మీద ఉడికించి పారేసే పెద్ద కుక్కర్.

పథకం మొదలైంది. అందరూ డిష్షుల్లోకి హార్మోన్లూ, పెరుగుదల కారకాలూ పెళ్ళి విందులో నెయ్యి వడ్డించినట్టు వడ్డించారు. గౌరీపతి కూడా తన మొదటి ఆరు డిష్షుల్లో ధారాళంగా పోశాడు. ఏడోదాని మీదికి మాత్రం చెయ్యి రాలేదు. పదిహేను రోజులకి డిష్షులు కిటకిటలాడిపోయాయి. నూకరత్నం మైక్రోస్కోపులో చూసి తలెత్తింది.

"సార్, ఇవి మన కణాలు కావు."

"మరి?"

"కలుపు సార్. మావోళ్ళ పొలంలో ఎరువేస్తే ముందు లేసేది ఇదే. సూడండి, సన్నంగా, పొడుగ్గా. మనవి గుండ్రంగా ఉంటాయి గదా. మనవి అడుగున పడి సచ్చిపోతన్నాయి."

గౌరీపతి చూశాడు. ఆమె చెప్పింది నిజం. క్లోమంలోంచి కణాల్ని తీసేటప్పుడు వాటితోపాటు సందుల్లో ఉండే పీచు కణాలు కూడా వస్తాయి. ఎరువు తగిలితే అవే ముందు విజృంభిస్తాయి. వాటికి ఇన్సులిన్ గురించి ఏమీ తెలియదు. వెంటనే డైరెక్టరుకి చెప్పాలని లేచాడు. అదే సమయానికి కణాల్ని లెక్కపెట్టే యంత్రం ఆయన మొదటి డిష్షుకి తొమ్మిది వందల శాతం వృద్ధి చూపించింది. గౌరీపతి కూర్చున్నాడు.

"సార్, సెప్పరా?"

"చెబుతాను. త్రైమాసికం అవనీ."

త్రైమాసికం అయింది. అయితే ఏకామ్రనాథ్ నాల్గో డిష్షు నాలుగు కోట్ల కణాలతో ప్రథమ స్థానంలో నిలిచింది. సభ పెట్టారు. డిష్షుని వెండి పళ్ళెంలో పెట్టి వేదిక మీదకి తెచ్చారు. డైరెక్టరు దానికి శాలువా కప్పాడు. శాలువా బరువుకి మూత జారితే ఏకామ్రనాథ్ పట్టుకున్నాడు. "ఈ డిష్షు తోటి డిష్షులకి ఆదర్శం కావాలి," అన్నాడు డైరెక్టరు. అందరూ చప్పట్లు కొట్టారు. గౌరీపతి మరీ గట్టిగా కొట్టాడు, అసూయ బయటపడకూడదని.

రెండో త్రైమాసికంలో పథకం ముదిరింది. రోజూ పది గంటలకి ఇంక్యుబేటర్ల ముందు నిలబడి ప్రగతి సమీక్ష చేసేవారు. ఇంక్యుబేటర్ అంటే కణాల్ని ఒంటి వేడిలో ఉంచే అలమారా, ఊరికే తలుపు తీయకూడనిది. సమీక్షలో ప్రతి అధికారీ దాని తలుపు తీసి, లోపలికి చూసి, గంభీరంగా తలూపి మూసేవాడు. వరండాలో 'నేటి కణమే రేపటి కోటి' అని బ్యానరు కట్టారు. వెనకబడిన డిష్షులకి సంజాయిషీ నోటీసులు వెళ్ళాయి. ఏడో నంబరుకి వచ్చిన నోటీసు ఇది: "పై విషయమును పురస్కరించుకొని, తాము గత తొంబది దినములలో రెండు లక్షల నుండి రెండు లక్షల ఏడువేలకు మాత్రమే పెరిగినట్లు గుర్తించడమైనది. తమపై చర్య ఏల తీసుకొనరాదో సంరక్షకుని ద్వారా వారం లోపు తెలుపగలరు."

సంరక్షకుడు గౌరీపతే కాబట్టి ఆయనే జవాబు రాశాడు. "సదరు కణములు ప్రస్తుతము విశ్రాంతిలో ఉన్నవి. విశ్రాంతి ఉన్నచో గానీ పని చేయజాలవు." మర్నాడే తిరుగు టపా వచ్చింది: "విశ్రాంతికి ముందస్తు అనుమతి పొందియున్నారా? పొందియున్నచో ఉత్తర్వు ప్రతి జతపరచవలెను."

నోటీసుని చూసి గౌరీపతికి నవ్వొచ్చింది. ఆ నమూనా కూడా తను రాసిందే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఏడో నంబరు డిష్షు రెండో త్రైమాసికంలో కూడా మూడు వేలే పెరిగింది. నాలుగో నిబంధన దాని మీదికి వచ్చి నిలబడింది. ఏకామ్రనాథ్ డిష్షులు ఒక్కటి కూడా ఆ నిబంధన కిందకి రాలేదు.

గౌరీపతి డైరెక్టరు గదికి వెళ్ళాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అన్న విద్య ఆయనకి బాగా వచ్చు. ఇవాళ కాళ్ళు.

"సార్, ఆ ఒక్క డిష్షునీ వదిలెయ్యండి. సంస్థ మొత్తంలో ఇన్సులిన్ చేసేది అదొక్కటే."

"ఇన్సులిన్ ఏ కాలమ్‌లో వస్తుంది?"

"కాలమ్ లేదండి."

"ఎందుకు లేదు?"

"చోటు చాల్లేదండి."

డైరెక్టరు నియమావళి తీసి నాలుగో నిబంధన పైకి చదివాడు. చదువుతూ మెచ్చుకోలుగా తలూపాడు. "ఎంత చక్కటి భాష డాక్టర్‌గారూ! విస్తృత ప్రయోజనముల దృష్ట్యా! రాసినవారే మినహాయింపు అడిగితే రేపు మిగతావారికి ఏం సమాధానం చెబుతాం? అదీగాక వచ్చే నెల ఢిల్లీ నుంచి ఉన్నత స్థాయి సంఘం వస్తోంది. మీ పేరు ముఖ్య శాస్త్రవేత్త పదవికి ప్రతిపాదించాను."

అంటూ ఏడో నంబరుని విరమింపజేసే కాగితం ముందుకి జరిపాడు. ఇక్కడ కథానాయకుడైనవాడు కాగితం చింపాలి. గౌరీపతి జేబులోంచి పెన్ను తీశాడు. రాయకపోతే బాగుండునని ఆశపడ్డాడు గానీ, అది మంచి పెన్ను, రాసింది. తను తీసిన గోతిలో తను పడేవాణ్ణి చూసి జాలిపడేవాళ్ళుంటారు. పడేముందు గోతికి సంతకం కూడా పెట్టినవాడి మీద ఎవరు జాలిపడతారు? మెట్లు దిగుతున్నంతసేపూ ఆయనకి తన మీద తనకే రోత పుట్టింది.

నూకరత్నం కాగితం చదివింది. మడిచి తిరిగి ఇచ్చేసింది.

"మీ అమ్మాయికి చెప్పకు," అన్నాడు గౌరీపతి.

"దానికి ఏటి సెప్పాల సార్? దానికి ఐదేళ్ళనే సెప్పినాను." ఆమె ఏడో నంబరు డిష్షు తీసుకుని ఆటోక్లేవ్ గదిలోకి వెళ్ళింది. గంట తర్వాత వచ్చి రిజిస్టరులో 'ఉడికించడమైనది' అని రాసింది. ఆమె వేలు చూపించిన చోట గౌరీపతి మళ్ళీ సంతకం పెట్టాడు. ఆ రోజు ఇంట్లో భార్య ఏమైందని అడిగితే, "ఏమీ లేదు, పదవి రాబోతోంది," అని చెప్పి, అన్నం తినకుండా పడుకున్నాడు.

నెలకి ఉన్నత స్థాయి సంఘం వచ్చింది. అధ్యక్షుడు పెద్దాయన, స్థూలకాయుడు. అన్ని డిష్షులూ చూశాడు, గోడ మీది పటాలు చూశాడు. ఆఖర్న మామూలుగా, "బాగుంది. ఇవి ఇన్సులిన్ ఎంత చేస్తున్నాయి?" అన్నాడు.

డైరెక్టరు ఏకామ్రనాథ్ వైపు చూశాడు. ఏకామ్రనాథ్ గౌరీపతి వైపు చూశాడు. గౌరీపతి గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడు చెప్పొచ్చు. కలుపని, మిగిలిన ఒక్క మంచి డిష్షునీ ఉడికించేశామని చెప్పొచ్చు. నోరు తెరిచాడు.

"ఆ కాలమ్ ప్రస్తుత ఫారంలో లేదండి," అన్నాడు.

"ఓహో," అన్నాడు అధ్యక్షుడు తృప్తిగా. "మంచిది. ఫారాలు సరళంగానే ఉండాలి."

భోజనాలకి కూర్చోబోతూ ఆయన జేబులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, చొక్కా కొంచెం ఎత్తి, పొట్టకి పొడుచుకున్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఇదే తంతు. మీరు ఇలాగే పెంచుకుంటూ పోండి," అని పూతరేకు అందుకున్నాడు. పక్కన కూర్చున్న గౌరీపతి మాత్ర వేసుకున్నాడు.

పదవి వచ్చింది. వారం తర్వాత ముఖ్య శాస్త్రవేత్త హోదాలో గౌరీపతి కొత్త ఫారం నింపుతున్నాడు. నూకరత్నం ఇచ్చిన లెక్కలో 'ఖాళీ డిష్షులు: 1' అని ఉంది.

"ఖాళీవి మనం ఉంచం కదా? ఇదెక్కడిది?"

ఆమె ఇంక్యుబేటర్ తెరిచి, అడుగు అరలో వెనకనుంచి ఒక డిష్షు తీసింది. మూత మీద 'ఖాళీ' అని రాసి ఉంది. గౌరీపతి దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టాడు. గుండ్రటి కణాలు, గుంపులు గుంపులుగా, నిదానంగా కూర్చుని ఉన్నాయి. ఆయనకి వాటిని గుర్తుపట్టడానికి నంబరు అక్కర్లేదు. ఉన్నట్టుండి కళ్ళద్దాలు మసకబారాయి, తీసి తుడుచుకున్నాడు.

"మరి ఆ రోజు ఉడికినవి?"

"కలుపు సార్. మూడో నంబర్లోంచి తోడి పోసినాను. మనకి కలుపుకి కరువా?"

"రిజిస్టర్లో..."

"ఉన్నట్టు రాస్తే సంపేస్తారు సార్. లేనట్టు రాస్తేనే బతుకుతాయి. ఇప్పుడు ఇవి లేవు కాబట్టి పెరగమని ఎవులూ అడగరు. సమీక్షలో ఖాళీ డిష్షు మూత ఎవులు తీస్తారు?"

గౌరీపతి ఖాళీ డిష్షులు ఒకటి అని రాసి, కింద హోదాతో సహా సంతకం పెట్టాడు. అబద్ధపు కాగితాల మీద చాలా సంతకాలు పెట్టాడుగానీ, వాటిలో దేన్నీ ఇంత ఇష్టంగా పెట్టలేదు.

నాలుగో రోజున డైరెక్టరు నుంచి ఉత్తర్వు వచ్చింది. "ఖాళీ డిష్షుల విభాగమున ఎట్టి వృద్ధియు లేకపోవుట శోచనీయము. వచ్చు త్రైమాసికమునకు సదరు సంఖ్యను రెట్టింపు చేయవలెను."

గౌరీపతి ఉత్తర్వు రెండుసార్లు చదివాడు. తర్వాత స్టోరుకి వెళ్ళి, ఏమీ లేని కొత్త డిష్షొకటి తెచ్చి, మూత మీద 'ఖాళీ' అని రాసి, మొదటిదాని పక్కన పెట్టాడు. ఒకటి రెండయింది. నూటికి నూరు శాతం. ఈ లోపల కలుపు డిష్షుల్లో కణాలన్నీ ఒకదాన్నొకటి తొక్కుకుని చావడం మొదలుపెట్టాయి కాబట్టి, ఆ త్రైమాసికంలో లక్ష్యం చేరుకున్న విభాగం అదొక్కటే. సభ పెట్టారు. కొత్త ఖాళీ డిష్షుని వెండి పళ్ళెంలో తెచ్చి శాలువా కప్పారు. మూత తీసి ఎవరూ చూడలేదు. చూసినా ఫరవాలేకపోయేది, అది నిజంగానే ఖాళీ.

సభ అయ్యాక గౌరీపతి ల్యాబుకి వచ్చి, అసలు డిష్షు తీసి, చక్కెర నీళ్ళు తగిలించి పరీక్ష పెట్టాడు. ఇద్దరూ గొట్టం ముందు స్టూళ్ళ మీద కూర్చున్నారు. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత మెల్లగా పసుపు తిరిగింది. పోయినసారి కంటే ముదురు పసుపు.

"ఎప్పటికవుద్ది సార్ ఇది?" అంది నూకరత్నం. ఈ ఏడాది ఆమె అప్పటిదాకా అడగలేదు.

గౌరీపతికి ఐదేళ్ళన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగాడు.

"తెలీదు నూకరత్నం. నిజంగా తెలీదు."

ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసింది. "అయితే ఏదో అవుతన్నట్టే సార్. ఇన్నాళ్ళూ తెలుసనేవోరు."

లేచి ఏడో నంబరు డిష్షుని అడుగు అరలో జాగ్రత్తగా పెట్టి తలుపు మూసింది. ఆ తలుపు గాజుకి అడ్డంగా సన్మానపు శాలువాని కట్టేసింది. మర్నాడు పది గంటల సమీక్షలో అధికారులు ఆ ఇంక్యుబేటర్ దాకా వచ్చి, శాలువాకి నమస్కారం పెట్టి, తలుపు తీయకుండా ముందుకు వెళ్ళిపోయారు.